పేరు తీసేసిన వాక్యాలు

జనవరి 9, 2023, సోమవారం

కళ్లు తెరిచి ఫోన్ చూసేసరికి అమరేశ్వరరావు మాస్టారు నా ఒక్కదానికే దిద్దాల్సిన వాక్యాల సెట్ వేరేది పంపి ఉన్నారు. గ్రూపులో నలభై మంది ఉన్నాం. అందరికీ ఒకే సెట్ పంపే మనిషి. కింద వాయిస్ మెసేజ్:

"కావ్యశ్రీ, గ్రూపు సెట్ నువ్వు రెండు నిమిషాల్లో దిద్దేస్తున్నావు. ఇది కాస్త బరువైంది. పోయిన చలికాలం ఒకమ్మాయి రాసింది. ఏ తేదీన రాసినవి ఆ తేదీన పంపుతాను, రోజుకి ఐదు. పేరడగొద్దు, చెప్పను. నీ తప్పులు ఇంకొకళ్లకి ఇచ్చినప్పుడు నీ పేరూ చెప్పను."

ఆయన పద్ధతే అది. తెనాలిలో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి, ఇప్పుడు ఇక్కడికి గంటన్నర దూరంలో, ఏజాక్స్‌లో కూతురి దగ్గర ఉంటూ, ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మాలాంటి వాళ్లకి ఊరికే చెబుతారు. ప్రతివాళ్లూ తమ రోజు గురించి ఐదు వాక్యాలు రాసి పంపాలి. ఆయన ఎర్ర సిరాతో దిద్ది, ఒక పొడుగాటి నోటుబుక్‌లో దాస్తారు. పేరు తీసేసి, తప్పులు తీయకుండా, తర్వాతి బ్యాచ్‌కి ఇస్తారు. గ్రామర్ పుస్తకాల్లో ఉండేవి ఎవరూ చేయని తప్పులట. మనవాళ్ల తప్పులు మనవాళ్ల దగ్గరే దొరుకుతాయట.

మొదటిది: "ఐ యామ్ హావింగ్ వన్ రూమ్ ఇన్ బేస్‌మెంట్." నాకు నవ్వొచ్చింది. సెప్టెంబర్‌లో నేనూ అచ్చం ఇలాగే రాశాను. ఉండటం అనేది జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి. అందుకని "ఐ హావ్". ఇంత చిన్న విషయం తెలిసినప్పుడు కలిగే సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుంది? పోయిన సెమిస్టర్‌లో కమ్యూనికేషన్స్ తప్పాను. ఈసారి తప్పను.

ఐదుకి ఐదు.

జనవరి 10, మంగళవారం

"ఎ" అంటే ఏదో ఒకటి. "ది" అంటే చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ ముందే తెలిసినది. తెలుగులో దీనికి మాటే లేదు, చూపుతో సరిపెట్టుకుంటాం. ఇవాళ బస్సులో కూర్చుని కనిపించిన ప్రతిదానికీ ఒకటి తగిలించాను. ఎ డాగ్. ఎ ఉమన్. ది స్నో.

పొద్దున్నుంచి తలనొప్పి. కొత్త మాటలు ఎక్కువగా కుక్కుకుంటున్నానేమో.

జనవరి 12, గురువారం

ఇవాళ్టి మూడోది, నాలుగోది: "దేర్ ఈజ్ ఫిష్ స్టిక్కర్ ఇన్ బాత్రూమ్ డోర్. ఇట్ ఈజ్ లుకింగ్ మీ." ఎ కావాలి, ఆన్ కావాలి, లుకింగ్ తర్వాత ఎట్ కావాలి. పెన్ను పెట్టేసి తలెత్తితే మా బాత్రూమ్ తలుపు మీద నీలం చేప. ఎవరో మాకంటే ముందున్నవాళ్లు అంటించినది. ఒక్కటే కన్ను దానికి.

సాత్వికకి చూపించాను. నాతోపాటు ఈ బేస్‌మెంట్‌లో ఉండేది తనొక్కతే, జగిత్యాల పిల్ల. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసి పగలంతా పడుకుంటుంది.

"డాలర్ స్టోర్ల అందరు గదే కొంటరు పిల్లా. గీ కేంబ్రిడ్జ్ ఊళ్ల ఎన్ని బేస్‌మెంట్లున్నయో అన్ని చేపలుంటయి. నన్ను పండనియ్యి."

నిజమే.

జనవరి 14, శనివారం

పైన ఎవరో నడుస్తున్నారు.

పైన ఉండే ఇంటివాళ్లు సుగుణ ఆంటీ, శంకర్ అంకుల్ డిసెంబర్‌లోనే హైదరాబాద్ వెళ్లారు. ఏటా చలికాలం వెళతారట, ఫిబ్రవరి ఆఖరుకి వస్తారు. ఇల్లు గడ్డకట్టకుండా, గ్యాస్‌తో మండి ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ మాత్రం ఆన్‌లో ఉంచి పైన తాళం వేశారు. ఆ ఫర్నేస్ ఉన్న గది మా గదిని ఆనుకునే ఉంటుంది, మధ్యలో చెక్క తలుపు. అది మొదలైనప్పుడు ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, తర్వాత హుమ్మని ఒకటే మోత. ఆ మోతలోంచి అడుగుల చప్పుడు. వంటింటి దగ్గర మొదలై, నా నెత్తి మీద ఆగింది.

సాత్విక లేచి ఎండుమిర్చి పోపు పెడుతోంది. "విన్నావా?" అన్నాను.

"ఏంది?"

"పైన."

"కర్ర ఇల్లే ఇది. చలికి కర్ర ముడుచుకుంటది. నీకు గా తప్పులు దిద్దుడు ఎక్కువైంది. ఇగ దయ్యాలకు గూడ గ్రామర్ చెప్తవా?"

ఇద్దరం నవ్వుకున్నాం. పోపు పొగ గదంతా నిండింది. అక్టోబర్ వరకూ పోపు పెట్టిన ప్రతిసారీ గోడ మీది పొగ అలారం కూత పెట్టేది. సాత్విక కుర్చీ ఎక్కి దాన్ని ఊడబీకి, బ్యాటరీ తీసి, చెంచాల డ్రాయర్లో పడేశాక ప్రాణానికి హాయిగా ఉంది.

నవ్వితే తల వెనక పోటు పొడిచింది.

జనవరి 16, సోమవారం

నాలుగోది: "ఆంటీ ఈజ్ గాన్ ఇండియా బట్ సమ్‌బడీ వాక్ ఇన్ అప్‌స్టెయిర్స్."

దిద్దాను. హాజ్ గాన్ టు ఇండియా. వాక్స్. ఇన్ తీసేయాలి. మాస్టారు "శభాష్" అని పంపారు.

తర్వాత చాలాసేపు పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాను. అందరి ఆంటీలూ చలికాలం ఇండియా వెళతారు. అందరివీ కర్ర ఇళ్లే.

జనవరి 17, మంగళవారం

పప్పు మాడింది. తల బరువుగా ఉంది. త్వరగా పడుకుంటాను.

జనవరి 18, బుధవారం

పప్పు మాడింది. తల బరువుగా ఉంది. త్వరగా పడుకుంటాను.

జనవరి 19, గురువారం

ఇవాళ్టి మొదటిది: "ఎగైన్ ఐ వాజ్ బర్న్ ది దాల్, ఐ ఫర్‌గాట్ దట్ ఐ కెప్ట్ ఆన్ స్టవ్." మళ్లీ పప్పు మాడబెట్టాను, పొయ్యి మీద పెట్టిన సంగతే మరిచిపోయాను.

డైరీ వెనక్కి తిప్పాను. మొన్న, నిన్న ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకే మాట రాసి ఉంది. రెండు రోజులు మాడిందా, ఒకే రోజు మాడితే రెండుసార్లు రాశానా? గిన్నె చూస్తే తెలుస్తుందనుకున్నాను. గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఎప్పుడు కడిగానో గుర్తులేదు.

మాస్టారికి ఫోన్ చేశాను.

"ఈ అమ్మాయి ఎక్కడుండేది మాస్టారూ?"

"పేరడగొద్దన్నానా?"

"పేరు కాదు. ఊరు."

"ఊరు చెబితే పేరు చెప్పినట్టే కదమ్మా. మీరంతా ఒకళ్ల గది ఒకళ్లు అందుకునేవాళ్లే. ఏం, తప్పులు కష్టంగా ఉన్నాయా?"

"తప్పులు కాదండీ. ఆవిడ రాసేవి నాకు జరుగుతున్నాయి."

ఆయన నవ్వారు. "అందుకే కదా పుస్తకాలు మానేసి మీ రాతలే ఇస్తున్నాను. ఒకళ్ల కథే అందరి కథ. చలి, మాడిన పప్పు, ఒంటరితనం. మనసు వాక్యం మీద పెట్టు, వాక్యంలోని మనిషి మీద కాదు. కర్త, కర్మ, క్రియ. అంతే."

ఆయన చెప్పింది నిజం. నేను మనిషిని చూస్తున్నాను.

జనవరి 20, శుక్రవారం

రోజంతా లైబ్రరీలో ఉన్నాను. గాజులా తేటగా ఉంది తల. నలభై వాక్యాలు దిద్దాను, ఒక వ్యాసం రాశాను, ప్రొఫెసర్ చూసి "చాలా మెరుగు" అన్నారు. పుస్తకాల మధ్య ఉంటే నాకు తలనొప్పి రాదు. చదువే మందు అనుకుంటాను.

జనవరి 22, ఆదివారం

నిన్నంతా, ఇవాళంతా ఇంట్లోనే. మైనస్ పంతొమ్మిది. ఫర్నేస్ ఆగడమే లేదు. సాత్విక రెండుసార్లు వాంతి చేసుకుంది. "మొన్నటి పిజ్జా కడుపుల తిప్పుతాంది" అంది. మొన్న పిజ్జా తెచ్చుకున్నట్టు నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం పైన అడుగులు మళ్లీ వచ్చాయి. ఈసారి నా నెత్తి మీద ఆగి, వంగినట్టు అనిపించింది. ఎలా వంగుతారు, మధ్యలో కప్పు ఉండగా? అయినా వంగినట్టే అనిపించింది. చేప వంక చూశాను. దానికి రెండు కళ్లున్నాయి.

సుగుణ ఆంటీకి వాట్సాప్ కాల్ చేశాను. అద్దె సంగతి అన్నట్టు మొదలుపెట్టి, మాకంటే ముందు ఎవరుండేవారని అడిగాను.

"ఓ పిల్ల ఉండేదమ్మా, నిజామాబాద్ వైపు. మీ మాస్టారే పంపించారు, నిన్ను పంపినట్టే. బాగా చదువుకునేది. పోయిన చలికాలం ఉన్నట్టుండి దిగులు పట్టేసింది. పైన ఎవరో నడుస్తున్నారనేది. మేం ఊళ్లోనే లేం, ఎవరు నడుస్తారు చెప్పు? చివరికి వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. కోర్సు మధ్యలో పోయింది. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారట. ఎందుకు, నీకేమైనా..."

"ఏం లేదాంటీ. ఊరికే."

"అలాంటివి బుర్రలో పెట్టుకోకు. వేళకి తిను."

అంటే నేను దిద్దుతున్నది ఈ గదిలో ఉన్న అమ్మాయి రాతలు. ఈ చేప. ఈ కప్పు.

ఆమెకి పట్టిందే నాకూ పడుతోంది. అడుగుల సంగతి ఎవరికీ చెప్పను. చెబితే ఆంటీ మా నాన్నకి ఫోన్ చేస్తారు. చీరాల నుంచి నాన్న వచ్చి తీసుకెళ్లిపోతారు. నేను బాగానే ఉన్నాను. నేను బాగానే ఉన్నాను.

జనవరి 23, సోమవారం

నేను బాగానే ఉన్నాను.

జనవరి 24, మంగళవారం. ఆస్పత్రి వరండాలో.

వరసగా రాస్తాను.

పొద్దున సాత్విక షిఫ్ట్ నుంచి వచ్చి షూస్ కూడా విప్పకుండా పడుకుంది. నేను తొమ్మిదింటి క్లాసుకి వెళ్లిపోయాను. బస్సులో తలనొప్పి తగ్గింది. క్లాసయ్యాక క్యాంటీన్‌లో కూర్చుని ఇవాళ్టి ఐదూ తీశాను.

ఎప్పటిలాగే దిద్దాను. క్లోజ్డ్ తర్వాత ది. మదర్ కాదు, మదర్స్. పెయినింగ్ కాదు, హర్ట్స్. గో తర్వాత టు అక్కర్లేదు. నోబడీ ఈజ్ బిలీవింగ్ కాదు, నోబడీ బిలీవ్స్. ఐదూ శుభ్రంగా కొత్త కాగితం మీద ఎత్తి రాశాను. పంపే ముందు ఒకసారి చదువుకోవడం నాకు అలవాటు.

నెల మొదట్లో చల్లగాలి వచ్చే పైపుని మా అమ్మ శాలువాతో మూసేశాను. అప్పట్నుంచి గది వెచ్చగా ఉంది. పొద్దున్నుంచి నా తల నొప్పిగా ఉంది. బయటికి వెళితే పోతుంది. నన్ను ఎవరూ నమ్మడం లేదు.

ఇంగ్లిష్‌లో చదివినా నాకు తెలుగులోనే వినిపించింది. పదహారు రోజులుగా ఈ అమ్మాయి నాతో మాట్లాడుతుంటే నేను ఆమె నోరు తుడుస్తూ కూర్చున్నాను.

బయటికి వెళితే పోతుంది. లైబ్రరీలో పోయింది. బస్సులో పోయింది. చదువు కాదు మందు.

సాత్వికకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పడుకుని ఉంటుంది అనుకున్నాను. మళ్లీ చేశాను. ఆరుసార్లు. బస్సు పన్నెండు నిమిషాలకి వచ్చింది. ఆ పన్నెండు నిమిషాలు స్టాపులో నిలబడి నాకు నేనే చెప్పుకున్నాను, వెళ్లేసరికి లేచి తిడుతుంది, పండనియ్యవా అంటుంది, అని.

మెట్లు దిగి తలుపు తీస్తే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. ఏ వాసనా లేదు. సాత్విక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా, పెళ్లికూతురిలా ఉన్నాయి. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. అలా అనుకుంటూ కాసేపు నిలబడిపోయాను కూడా. పైన అడుగులు మొదలయ్యాయి. నెత్తి మీదికి వచ్చి ఆగాయి. కూర్చో, కాసేపు కూర్చో అన్నట్టు ఉంది.

కూర్చోలేదు. పేరు పెట్టి పిలిచాను, చెంప మీద కొట్టాను. కళ్లు సగం తెరిచి మూసింది. చంకల కింద చేతులు వేసి లాగాను. పదమూడు మెట్లు. ఏడో మెట్టు దగ్గర వెనక్కి కూర్చుని, ఒక్కో మెట్టే జరుగుతూ ఆమెని నా మీదికి లాక్కున్నాను. మంచులో పడ్డాక ఎమర్జెన్సీ నంబరు 911 కి చేశాను. అవతలి ఆవిడ ఎన్నిసార్లు అడిగినా నా నోటికి వచ్చింది ఒకటే వాక్యం, "మై ఫ్రెండ్ నాట్ వేకింగ్." ఆవిడకి అర్థమైంది. మళ్లీ లోపలికి వెళ్లొద్దు, అని నాలుగుసార్లు చెప్పింది.

ఫైర్ వాళ్లు మాస్కులు వేసుకుని దిగారు. ఒకాయన చేతిలో చిన్న మీటరు ఉంది. గుమ్మంలోనే అది కూయడం మొదలుపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి మిగతావాళ్లకి ఏదో సైగ చేశాడు, అందరూ వేగం పెంచారు.

పది నిమిషాల తర్వాత ఆయన పైకి వచ్చాడు. ఒక చేతిలో మెరూన్ రంగు ఉన్ని శాలువా, అంచు నిండా దుమ్ము. ఫర్నేస్ పక్కన బకెట్‌లోకి వేలాడే పైపులోంచి తీశాడట. మంట మండటానికి బయటి గాలి ఆ పైపులోంచే రావాలట. అది మూసేస్తే మంట సరిగ్గా మండక, వాసన లేని విషవాయువు ఇంట్లోకే వస్తుందట. చలి ఎంత ముదిరితే ఫర్నేస్ అంత మండుతుంది, అంత విషం. నేను ఆ గది తలుపు ఒక్కసారి కూడా తీయలేదు.

ఇంకో చేతిలో డ్రాయర్లోని అలారం. ఇదెందుకు తీశారని అడిగాడు. పోపు అంటే ఏమిటో చెప్పాను. అది పొగతోపాటు ఈ వాయువుని కూడా పట్టే అలారమట. ఆయన నవ్వలేదు. శాలువా ఎవరిదని అడిగాడు.

ముందున్న అమ్మాయి వాళ్ల అమ్మది, అన్నాను. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు.

జనవరి 25, బుధవారం

సాత్విక కళ్లు తెరిచింది. ముక్కు మీద ఆక్సిజన్ గొట్టం. మొదటి మాట: "నా షిఫ్ట్ పోయిందా?"

"పోయింది."

"ఫోన్ జేసి చెప్పినవా లేదా? చెప్పకుండ నాగా పెట్టింది, నో-షో అని రాస్తరే వాళ్లు."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంకో గంట ఆలస్యమైతే లేచేది కాదని డాక్టర్ నాతో అన్న మాట ఆమెకి చెప్పలేదు. అడుగుల గురించి డాక్టర్‌ని అడిగాను. ఈ వాయువు మెదడుకి ఎక్కితే లేనివి వినిపిస్తాయి, కనిపిస్తాయి, భయం పట్టుకుంటుంది అన్నారు. చేప కన్ను గురించి అడగలేదు.

జనవరి 26, గురువారం

కాలేజీ వాళ్లు ఇచ్చిన గదిలో ఉన్నాను. గోడకి అలారం ఉంది. చిన్న ఆకుపచ్చ దీపం.

మాస్టారు వచ్చారు. కూతురు ఏజాక్స్ నుంచి కారులో తీసుకొచ్చి, కిందే ఉండిపోయింది. కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుని నోటుబుక్ నా ఒళ్లో పెట్టారు.

"పేరు దమయంతి" అన్నారు.

నోటుబుక్ తెరిచాను.

"సిన్స్ తీసేసి ఫర్ పెట్టానమ్మా. ఎన్ని రోజుల నుంచి తలనొప్పి అంటే, ఫర్ సిక్స్ డేస్ అనాలి తల్లీ అని పక్కన రాశాను. తల ఎందుకు నొప్పిగా ఉందని రాయలేదు. ముప్పై ఏళ్ల అలవాటు. కాగితం చేతిలోకి రాగానే కన్ను తప్పు మీదికే పోతుంది."

"నేనూ అంతే కదా మాస్టారూ."

"నువ్వు పదహారో రోజున చదివావు. నేను రెండు చలికాలాలు చదవలేదు. రెండోసారి నీకు కూడా పంపాను. మనిషి మీద మనసు పెట్టొద్దని చెప్పాను." టీ ఇస్తే చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నారు.

దమయంతి ఇప్పుడు నిజామాబాద్‌లో ఉందట. ఇల్లు దాటి బయటికి రాదు. మతి చెదిరిందని వాళ్లూ వీళ్లూ అంటే, చివరికి తనే నమ్మేసిందట. మందులు వాడుతోంది. ఇంగ్లిష్ మాట వినిపిస్తే లేచి లోపలికి వెళ్లిపోతుందట. మాస్టారు నిన్న ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తి, "ఇంకా ఏం దిద్దుతారు సార్" అని పెట్టేసింది.

ఆయన వెళ్లాక నోటుబుక్ మొత్తం చదివాను, పెన్ను లేకుండా. ఫిబ్రవరి 11తో ఆగిపోయింది. రానురాను తప్పులు పెరిగాయి, మాటలు తగ్గాయి. ఆఖరి రోజున ఐదు వాక్యాలు కూడా లేవు, రెండే:

"ఆఫ్టర్ మీ వన్ గర్ల్ విల్ కమ్ దిస్ రూమ్. సమ్‌బడీ టెల్ టు హర్."

నా తర్వాత ఈ గదికి ఒకమ్మాయి వస్తుంది. ఆమెకి ఎవరైనా చెప్పండి.

టు చుట్టూ ఎర్ర సున్నా. పక్కన, మూడు వాక్యాలు తక్కువ, అని మాస్టారి చక్కటి దస్తూరి.

రేపు ఉదయం ఎనిమిదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నర, వాళ్లమ్మ నంబర్‌కి ఫోన్ చేస్తాను. మాస్టారి పేరు చెప్పను. కేంబ్రిడ్జ్‌లో మీ అమ్మాయి ఉన్న గదిలో నేనున్నాను, నాకూ పైన అడుగులు వినిపించాయి అంటాను. ఫైర్ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఆ గదిలో విషవాయువు ఎంతుందో చూపిన మీటరు అంకె ఉంది, అది చదివి వినిపిస్తాను. ఫోన్ దమయంతికి ఇమ్మంటాను. ఇవ్వకపోతే స్పీకర్‌లో పెట్టమంటాను. ఫోన్ పెట్టేస్తే ఎనిమిదిన్నరకి మళ్లీ చేస్తాను.